మల్లుని స్వీయచరిత్రను చదువుట ఎట్లు?

తెలుగున స్వీయచరిత్ర రచనకు నూఱేండ్లకు మించిన వయస్సు కలదు. కందుకూరి వీరేశలింగముగారి స్వీయచరిత్రము మొదలుకొని నేటివఱకు వెలువడిన ఆత్మకథలను మన విశ్వవిద్యాలయములలో పరిశీలించునప్పుడు సాధారణముగా రెండు ప్రశ్నలు వేయుచున్నాము. చెప్పినది జరిగినదేనా యనునది మొదటిది. చెప్పుటలో నిజాయితీ కలదా యనునది రెండవది. సంస్కర్తలు, కవులు, రాజకీయనాయకులు వ్రాసిన గ్రంథములకు ఈ ప్రశ్నలు చాలవఱకు సరిపోవును. వారు చేసిన పనులకు పత్రికలు, ఉత్తరములు, సభల నివేదికలు సాక్ష్యమిచ్చును. కాని నిజమును దాచుటయే వృత్తిధర్మముగా బ్రతికిన మనుష్యుడు తన కథను తాను వ్రాసికొనినచో దానిని ఏ ప్రశ్నలతో చదువవలెను? వృత్తిమల్లుని స్వీయచరిత్ర మన ముందుంచు చిక్కు ఇదియే.

ఇది దూరదేశముల చిక్కని త్రోసివేయుటకు వీలులేదు. నల్లగొండ, మహబూబునగరము జిల్లాలలో జనుల జీవితకథలను సేకరించు పరిశోధక విద్యార్థికి ఇది తఱచుగా ఎదురగుచునే యున్నది. నాకు ఎదురైన విధమును మొదట మనవి చేసెదను.

సుమారు ఇరువది యేండ్ల క్రిందట నేను పరిశోధక విద్యార్థిగా నుండి, నాటి మహబూబునగరము జిల్లా పశ్చిమభాగమున మక్తల్, నారాయణపేట ప్రాంతములలో వృద్ధుల నోట వారి జీవితకథలను వ్రాసికొనుచుంటిని. ఆ సీమ కర్ణాటకమునకు సరిహద్దు. అక్కడ ఒక గ్రామమున ఎనుబదియేండ్లు దాటిన పైల్వాను ఒకడు నాకు పరిచయమయ్యెను. యౌవనమున జాతరలవెంబడి తిరిగి కుస్తీలు పట్టి, గెలిచిన సొమ్ముతో ఇల్లు నడపినవాడు. అతడు తాను నేర్చిన తాలీమును, ఉస్తాదును, దండీలు బస్కీల లెక్కను, గోదాలోని ఎఱ్ఱమట్టిలో నూనె కలిపి మెత్తపఱచు విధమును రెండు దినములు చెప్పెను. “ఎన్నడన్న ఓడినవా తాతా?” అని నేనడిగితిని. “నా ఈపుకు మన్ను అంటలే, బిడ్డా” అని అతడు బదులు చెప్పెను. కొంతసేపటికి తనంతట తానే, “కొన్ని కుస్తీలు మంది కోసం పడ్తం, కొన్ని మన కోసం పడ్తం. మంది కోసం పట్టేది నూరా కుస్తీ” అనెను.

నేను మొదటి మాటకు ప్రక్కన ‘అతిశయోక్తి’ యని వ్రాసికొంటిని. రెండవ మాటను ‘అప్రస్తుతము’ అని కొట్టివేసితిని. ఆ వృద్ధుని చెవులు రెండును ముడుచుకొనిపోయి గట్టిపడియుండెను. కుడివైపునుండి పలికినచో సరిగా వినబడదని అతడు నన్ను ఎడమప్రక్కన కూర్చుండబెట్టెను. ఆ సంగతిని నేను వ్రాసికొననేలేదు. నా సిద్ధాంతవ్యాసమున అతని జీవితము అరపుటకు మించలేదు. ఆ అరపుటయందు నేను చేసిన పొరపాటు ఎట్టిదో పదేండ్ల తరువాత ఒక అమెరికా మల్లుని స్వీయచరిత్రను చదివినప్పుడు గాని నాకు తెలియలేదు. ఈ వ్యాసమునకు ప్రేరణము అదియే.

మల్లుడు మన సాహిత్యమునకు క్రొత్తవాడు కాడు. తిక్కన విరాటపర్వమున భీముడు వలలుడను పేరుతో వంటలవాడై విరాటుని కొలువున నుండి, ఉత్సవసమయమున జీమూతుడను మల్లునితో తలపడినాడు. ఇచట గమనింపవలసిన విశేషమొకటి కలదు. భీముడు గోదాలో దిగినది మాఱుపేరుతో, మాఱువేషముతో, ప్రభువు వినోదము కొఱకు. తన బలమంతయు చూపినచో గుట్టు బయటపడును. చూపకున్నచో ఓటమి తప్పదు. ఈ ఇరుకున చిక్కినవాని మనస్సెట్టిదో వలలుడు తానుగా చెప్పలేదు. పోతన భాగవతమున చాణూరముష్టికులతో కృష్ణబలరాముల మల్లయుద్ధము వర్ణితమైనది. అది ఈడుజోడు కాని పోరని చూచు స్త్రీలు నొచ్చుకొందురు. అచటను మల్లులకు మాట లేదు, మాట చూపఱులది.

శాస్త్రగ్రంథములందును ఇదే స్థితి. కల్యాణిచాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధమున కూర్చిన మానసోల్లాసమున మల్లవినోదమను ప్రకరణము కలదు. మన కొలనుపాక, అలంపురము నాడు ఆ రాజ్యములోనివే. ఆ ప్రకరణమున మల్లుల తరగతులు, వారి ఆహారము, వ్యాయామము, పట్టులు వివరింపబడినవి. కాని అది పోషించు రాజు చూపునుండి వ్రాసినది. 16వ శతాబ్ది తొలిపాదమున విజయనగరమునకు వచ్చిన డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు కృష్ణదేవరాయలు వేకువనే నువ్వులనూనె త్రాగి, ఒంటికి నూనె పట్టించుకొని, బరువులెత్తి, ఒక మల్లునితో కుస్తీ పట్టుచుండెనని వ్రాసెను. ఆ మల్లుని పేరు మనకు తెలియదు. ప్రతిదినము ప్రభువుతో కుస్తీ పట్టవలసిన సేవకుడు ఎంతబలము చూపెడివాడు, ఎంత దాచెడివాడు? ఆ మల్లుడొక స్వీయచరిత్ర వ్రాసియున్నచో మొదట అడుగదగిన ప్రశ్న యది.

ఆధునికకాలమున తెలుగువారి మల్లులలో మిక్కిలి ప్రసిద్ధుడు శ్రీకాకుళము ప్రాంతమందలి వీరఘట్టమున జన్మించి 1942లో మరణించిన కోడి రామమూర్తినాయుడు. సర్కసు నెలకొల్పి దేశదేశములలో బలప్రదర్శనములిచ్చినవాడు. కలియుగభీముడని, ఇండియన్ హెర్క్యులిస్ అని బిరుదములందినవాడు. ఇనుపగొలుసులు తెంచుట, రొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట, కదలబోవు కార్లను పట్టి ఆపుట మొదలగు ఘనకార్యములతో అతని కథ జనులలో నిలిచినది. ఆ కథను చెప్పినవారందఱును అభిమానులు. అతని చివరిదశలో కాలు తీసివేయవలసివచ్చెనని, మత్తుమందు లేకయే ప్రాణాయామముతో శస్త్రచికిత్సను సహించెనని ఆ కథలు చెప్పుచున్నవి. ఒక్క విషయము చూడుడు. కాలు పోవుట సైతము ఇచట మఱియొక బలప్రదర్శనమైనది. బలముచేత బ్రతికినవానికి కాలు పోయిన మఱునాడు ఎట్లు తెల్లవారెనో ఆ కథలలో లేదు. ఇతరులు చెప్పు వీరగాథకు, స్వయముగా చెప్పుకొను చరిత్రకు గల భేదము ఇట్టిచోటనే తెలియును. మన పాలమూరు సీమలో కిన్నెరమీద పాడు పండుగ సాయన్న కథయు ఇట్టిదే. బలశాలి కథ పాటగా నిలిచినది, పాట మాత్రము పాడువానిది.

ఇంక వృత్తికుస్తీ యను మాటకు అర్థమును స్పష్టపఱచుకొనవలెను. ఒలింపిక్ క్రీడలందు కనబడు కుస్తీలో ఫలితము ముందుగా నిర్ణయింపబడదు. అమెరికాలో 20వ శతాబ్దిలో పెంపొందిన వృత్తికుస్తీలో ఎవరు గెలువవలెనో, ఎవరు ఓడవలెనో నిర్వాహకులు ముందే నిర్ణయింతురు. ఒకడు మంచివాడు, మఱియొకడు దుర్మార్గుడు. పగలు, ప్రతీకారములు కథవలె నెలల తరబడి సాగును. ఈ గుట్టును కాపాడు నియమమును ఆ వృత్తిలోనివారు ‘కేఫేబ్’ అందురు. ఆ మాట సంతలలో తిరుగు వినోదబృందముల గుప్తభాషనుండి వచ్చినదని చెప్పుదురు. గోదాలో శత్రువులైనవారు బయట కలిసి తిరుగరాదు. 1987లో న్యూజెర్సీ రాష్ట్రమున బద్ధవిరోధులుగా పేరొందిన ఇద్దరు మల్లులు ఒకే కారులో పోవుచు పోలీసులకు చిక్కిరి. వారిపై మోపిన నేరముకంటె వారు కలిసి ప్రయాణించిన సంగతియే వృత్తిలోనివారికి పెద్ద తప్పుగా తోచెను. రెండేండ్లకే, 1989లో, క్రీడలపై నుండు ప్రభుత్వనియంత్రణమును తప్పించుకొనుటకై ఒక పెద్ద కుస్తీసంస్థ తాము చూపునది వినోదప్రదర్శనమేయని ఆ రాష్ట్రపు సెనేటు ముందు ఒప్పుకొనెను. తరతరముల గుట్టును ఆ విధముగా సంస్థయే విప్పివైచినది.

మన ఉర్దూలో దీనికి చక్కని పేరున్నది. ముందే కుదుర్చుకొని పట్టునది నూరా కుస్తీ. నేను కొట్టివేసిన మాట అది! సముద్రముల కావలివారు ఏండ్లతరబడి దాచి, చివరకు శాసనసభలో ఒప్పుకొనిన సంగతిని మక్తల్ సీమ వృద్ధుడు అడుగకయే ఒక వాక్యమున చెప్పియుండెను.

గుట్టు వీడిన పదేండ్లకు, 1999లో, మిక్ ఫోలీ యను అమెరికా మల్లుని స్వీయచరిత్ర వెలువడినది. ‘హావ్ ఎ నైస్ డే’ అని దాని పేరు. ఇట్టి గ్రంథములను సాధారణముగా పేరులేని లేఖకులు వ్రాసిపెట్టుదురు. ఫోలీ ఆ ఏర్పాటును వదలుకొని, ఏడువందల పుటలకు పైగా తన చేతితో తానే వ్రాసెను. అది అమెరికాలో అత్యధికముగా అమ్ముడుపోయిన గ్రంథముల పట్టికలో మొదటిస్థానమునకు చేరెను. నా తరమువారికి అతని పేరు కొత్తది కాదు. 1990ల నాటికి కేబుల్ టెలివిజన్ మన పట్టణములకు వచ్చినది. బడిపిల్లలమైన మేము మల్లుల బొమ్మలచీట్లతో ఆడుకొనుచుంటిమి. ప్రతి చీటిమీదను ఎత్తు, బరువు, పట్టిన కుస్తీలు, గెలిచిన కుస్తీలు అంకెలలో ఉండెడివి. ఎక్కువ అంకె కలవాడు గెలిచినట్లు. తరువాత పరిశోధకుడనై ఆ వృద్ధుని అడిగిన ప్రశ్నయు ఆ చీటిమీది ప్రశ్నయే యని ఇప్పుడు తోచుచున్నది.

ఫోలీ గ్రంథమున పరిశీలింపదగిన మొదటి విషయము పేరు. ఫ్రెంచి విమర్శకుడు ఫిలిప్ లెజూన్ 1975లో స్వీయచరిత్రకు ఒక లక్షణమును చెప్పెను. గ్రంథకర్త, కథచెప్పువాడు, కథానాయకుడు ముగ్గురును ఒక్క పేరుతో ఒక్కరే యగుట పాఠకునితో రచయిత చేయు ఒడంబడిక యని దాని సారము. ఫోలీకి గోదాలో మూడు పేర్లున్నవి: కాక్టస్ జాక్, మ్యాన్‌కైండ్, డ్యూడ్ లవ్. మొదటివాడు మొండివాడు, రెండవవాడు ముసుగు ధరించిన దుఃఖితుడు. మూడవవాడు విద్యార్థిదశలో ఫోలీ స్నేహితులతో కలిసి ఇంటిచిత్రము తీయుచు కల్పించుకొనిన సుందరపురుషుడు. ‘నేను’ అని వ్రాసినప్పుడెల్ల ఈ నలుగురిలో మాటలాడుచున్నది ఎవరో పాఠకుడు చూచుకొనవలెను. గెలిచినది కాక్టస్ జాక్ కావచ్చును, నొప్పి మాత్రము ఫోలీది.

రెండవది దేహము. 1994 మార్చిలో జర్మనీలోని మ్యూనిక్ నగరమున జరిగిన కుస్తీలో ఫోలీ కుడిచెవి చాలభాగము తెగిపోయెను. గోదా చుట్టునుండు త్రాళ్ళ నడుమ తల చిక్కుకొని వ్రేలాడుట అతడు అభ్యసించిన ఒక విన్యాసము. అది ముందుగా అనుకొనినదే. నాడు త్రాళ్ళు మితిమీరి బిగించియుండుట అనుకొననిది. తల విడిపించుకొను ప్రయత్నమున చెవికి గాయమై, పిమ్మట కుస్తీ సాగుచుండగా అది ఊడివచ్చెను. ఆ యొక్క క్షణమున కల్పితము, వాస్తవము విడదీయరాని విధముగా పెనవేసికొనినవి. వ్రేలాడుట నటన, త్రాడు నిజము. ప్రత్యర్థితో పగ నటన, తెగిన చెవి నిజము. ఆ గాయమును కథలో వాడుకొనుటకు నాటి నిర్వాహకులు ఆసక్తి చూపలేదని ఫోలీ నొచ్చుకొనెను. చెవి పోయినందుకు కాదు, పోయిన చెవికి కథలో చోటు దొరకనందుకు! వృత్తిమల్లుని మనస్సు ఇచట వెల్లడియగుచున్నది. చెల్లించిన మూల్యమును ఎవరైనను గుర్తింపవలెనని అతని కోరిక.

ఈ భాగమును చదువుచుండగానే నాకు ఆ వృద్ధుని చెవులు గుర్తునకు వచ్చినవి. కుస్తీలో తలలు ఒరసికొని, చెవులు నలిగి, చర్మమునకు మృదులాస్థికిని నడుమ నెత్తురు చేరును. అట్లు పలుమాఱు జరిగినచో మృదులాస్థి చెడి, చెవి ముడుచుకొని గట్టిపడును. ఒకటి రెండు కుస్తీలతో వచ్చునది కాదు, సంవత్సరముల తరబడి తల ఒగ్గినవానికే వచ్చును. అతని వీపునకు మన్ను అంటెనో లేదో చెప్పు పత్రము ఏదియు లేదు. ఎన్ని యేండ్లు గోదాలో దిగెనో చెప్పు పత్రము నా కన్నుల యెదుట రెండు దినములు ఉండెను.

మూడవది గెలుపోటముల అర్థము. దీనికి ఒకే కుస్తీలో తలపడి, ఇరువురును స్వీయచరిత్రలు వెలువరించిన మల్లుల ఉదాహరణము కలదు. అమృతసరస్ జిల్లా ధర్మూచక్ గ్రామమున 1928లో జన్మించిన దారాసింగ్ పేరు ఎఱుగని తెలుగువాడు అరుదు. 1987-88లో దూరదర్శన్ రామాయణమున హనుమంతుడై ఇంటింట కనబడినాడు. అతని ఆత్మకథ పంజాబీ భాషలో 1989లో వెలువడినది. 1968లో బొంబాయిలో అతడు లూ థెజ్ అను అమెరికా మల్లుని ఓడించెను. థెజ్ ప్రపంచవిజేతయను బిరుదమును పలుమాఱు ధరించినవాడు. కీళ్ళను విఱిచివేయగల పట్టులలో ఆరితేఱినవాడు. పత్రికారచయిత యొకని తోడ్పాటుతో అతడు తన కథను 1995లో ప్రకటించెను. అందు దారాసింగును నిజమైన మల్లుడని, చక్కని దేహపాటవము కలవాడని మెచ్చుకొని, అట్టివాని చేత ఓడుటకు తనకు సంకోచము కలుగలేదని తెలిపెను.

ఈ మాటను తొందరపడి చదివినచో ఓడినవాని వినయముగా తోచును. నిదానించి చదివినచో ఆ వృత్తిలో రెండు లెక్కలున్నవని తెలియును. ఒకటి జనుల ముందు వ్రాసియుంచు గెలుపోటముల లెక్క. రెండవది మల్లులు తమలో తాము వ్రాసికొను లెక్క. మొదటిదానిలో ఓడవలసివచ్చినను రెండవదానిలో గౌరవము చెడకుండవచ్చును. ఎదుటివాడు ‘నిజమైన మల్లుడు’ అగుటయే ఆ రెండవ లెక్కకు కొలమానము. మక్తల్ సీమ వృద్ధుడు పలికిన రెండు మాటలకును సమన్వయము ఇందే దొరకును. ‘వీపునకు మన్ను అంటలేదు’ అనునది తనకోసము పట్టిన కుస్తీల లెక్క. మందికోసము పట్టినవానిలో అతడు పలుమాఱు వెల్లకిల పడియుండవచ్చును. వానిని అతడు ఓటములుగా లెక్కింపలేదు. మొదటి మాటను అతిశయోక్తియని, రెండవదానిని అప్రస్తుతమని వేర్వేఱుగా త్రోసివేసిన నేను, రెండవది మొదటిదానికి వ్యాఖ్యానమని గుర్తింపనైతిని.

ఫలితము ముందే నిర్ణయమైనచో ఇంక చూచుటకేమున్నదని కొందఱు అడుగవచ్చును. రోలాఁ బార్త్ 1957లో ప్రకటించిన ‘మిథాలజీస్’ గ్రంథమున మొదటి వ్యాసమే వృత్తికుస్తీని గూర్చినది. కుస్తీ కల్పితమా కాదా యనుటతో ప్రేక్షకునికి పనిలేదని, బాధ, ఓటమి, న్యాయము అను భావములు దేహములద్వారా స్పష్టముగా కనబడుటయే అతడు కోరునదని బార్త్ వాదించెను. మన ఊళ్ళలో వీధిభాగోతము చూచినవారికి ఈ మాట వింత గొల్పదు. హిరణ్యకశిపుడు చచ్చునని తెలియనివాడు ఆ పందిరిక్రింద ఒక్కడును ఉండడు. అయినను తెల్లవాఱువఱకు కూర్చుందురు. 1999 జనవరి 4న ఫోలీ ఒక పెద్ద బిరుదమును గెలుచుకొనెను. ఆ కుస్తీ ముందే చిత్రింపబడినది. పోటీసంస్థవారి వ్యాఖ్యాత ఆ ఫలితమును తమ ప్రసారమున ముందే ఎగతాళిగా బయటపెట్టెను. దాని ఫలమేమనగా లక్షలాది ప్రేక్షకులు వారి ప్రసారమును విడిచి ఫోలీ గెలుపును చూచుటకు తరలిరి! నాట్యశాస్త్రకారుడు లోకధర్మి, నాట్యధర్మి యని చేసిన విభాగము మనకిచట ఉపకరించును. వృత్తికుస్తీలో గెలుపు నాట్యధర్మికి చెందినది. పడుట, నలుగుట లోకధర్మికి చెందినవి. స్వీయచరిత్రను చదువువాడు ఈ రెంటిని ఒకదానితో నొకటి కలుపరాదు. ఒకటి కల్పితమైనంత మాత్రమున రెండవది కల్పితమని తలపరాదు.

ఇంతవఱకు చేసిన విచారమునుండి పఠనమునకు ఉపయోగించు నాలుగు ప్రశ్నలను కూర్చవచ్చును. మొదటిది: ఈ పుటలో ‘నేను’ అనునది ఏ పేరుగలవాడు? రెండవది: చెప్పిన సంగతిలో ఏది ముందుగా అనుకొనినది, ఏది అనుకొననిది, దేహముమీద నిలిచినదేది? మూడవది: గెలిచితిని, ఓడితిని అన్నప్పుడు అది ఎవరి లెక్కప్రకారము? నాలుగవది: కలము ఎవరిది, గుట్టు విప్పుటవలన ఎవరికి లాభము, ఎవరికి నష్టము? ఈ నాలుగవ ప్రశ్న విషయమున తొందరపడరాదు. గుట్టు విప్పినంత మాత్రమున అంతయు సత్యమని నమ్మరాదు. గుట్టును కాపాడుట వృత్తియైన కాలమున మల్లుడు దానిని అమ్ముకొనలేదు. విప్పుటయే విలువగల కాలము వచ్చిన పిదప విప్పుటయు ఒక ప్రదర్శనము కావచ్చును. కావుననే దేహసాక్ష్యమును నేను ముందుంచినాను.

ఈ ప్రశ్నల ప్రయోజనము మల్లులతో ముగియదు. నల్లగొండ జిల్లాలో తాడెక్కు గౌడవృత్తివారి జీవితకథలను మా విద్యార్థులు సేకరించుచున్నారు. మోకు, ముస్తాదు ధరించి దినమునకు ఎన్ని చెట్లెక్కెడివాడో ఒక వృద్ధుడు చెప్పినప్పుడు ఆ సంఖ్య నమ్మదగినదా యని విద్యార్థి సంశయించును. సంఖ్య పెరిగియుండవచ్చును. ఱొమ్మున, పాదముల యందు గట్టిపడిన చర్మము పెరుగదు, తరుగదు. చెట్టునుండి పడినవాడు ఆ పాటును నవ్వుచు చెప్పినచో ఆ నవ్వును కూడ వ్రాసికొనవలెను. వలసపోయి ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీల కథలకును ఇది వర్తించును. దేహముచేత బ్రతికినవారికి పత్రములు తక్కువ. పత్రములు లేవను కారణముచే వారి మాటను గొప్పలు చెప్పుకొనుటగా త్రోసివేసినచో చరిత్రయందు వారికి మిగులునది శూన్యము.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీల నోటికథలతో స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ను ప్రకటించినది. నల్లగొండ జిల్లాకు చెందిన మల్లు స్వరాజ్యముగారు చెప్పగా ఇతరులు వ్రాసిన ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో వెలువడినది. ఈ గ్రంథములకు వృత్తికుస్తీ కథలతో పోలిక చెప్పుట నా ఉద్దేశము కాదు. అచట పోరు కల్పితము కాదు, మరణములు కల్పితములు కావు. కాని ‘నేను’ అనునది ఎవరు, కలము ఎవరిది, గెలుపోటముల లెక్క ఎవరిది యను ప్రశ్నలు అచటను వేయదగినవే. అజ్ఞాతవాసమున మాఱుపేరుతో మెలగినవారు, సహచరుల గుట్టును కాపాడుటకై ఏండ్లతరబడి నోరు మెదపనివారు ఆ పోరాటమున ఉండిరి. దాచుట అలవాటైన నాలుక చెప్పుటకు పూనుకొనినప్పుడు ఎచట తడబడునో, ఎచట మౌనము వహించునో చూచుటకు మల్లుని స్వీయచరిత్ర మనకొక అభ్యాసము.

ఆ వృద్ధ పైల్వాను ఇప్పుడు లేడు. ఫోలీ గ్రంథమును చదివిన పిమ్మట నేను ఆ గ్రామమునకు మరల పోవునప్పటికే అతడు కాలధర్మము నొందియుండెను. అతని చెవులు ఏ యేట ముడుచుకొనెనో, ఎవరి పట్టులో నలిగెనో, వినికిడి తగ్గినప్పుడు ఉస్తాదుతో ఏమి చెప్పుకొనెనో ఇంక తెలియుటకు వీలులేదు. మందికోసము ఏ జాతరలో వెల్లకిల పడెనో, అందుకు ఎంత ముట్టెనో అడుగవలసినవాడను నేను, అడుగనైతిని. నా వ్రాతపుస్తకము మాత్రము నావద్ద నున్నది. కొట్టివేసిన గీతక్రింద ఆ వాక్యము ఇప్పటికిని చదువుటకు వీలుగా నున్నది. నా సిద్ధాంతవ్యాసమును పుస్తకముగా ప్రకటింపవలసివచ్చినచో ఆ వాక్యమును యథాతథముగా నిలిపి, ‘అతిశయోక్తి’ యను నా మాటను తీసివేసెదను.

పరిశోధక విద్యార్థులకు మనవి యొక్కటే. జీవితకథను వ్రాసికొనునప్పుడు అప్రస్తుతమని తోచిన మాటను కొట్టివేయకుడు. చెప్పువాని మాటతోపాటు చేతులను, మోకాళ్ళను, చెవులను కూడ చూచి, కనబడినది తేదీతో సహా వ్రాసికొనుడు. ఎచట అడుగదగునో అచట అడుగుడు. తరువాత వచ్చెదమని వాయిదా వేయకుడు.